రేంజి మూతపడ్డ ఎండాకాలం

ఆ ఎండాకాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. ఏప్రిల్ మొదట్లో హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర మా అమ్మాయి నేర్చుకునే రైఫిల్ షూటింగ్ రేంజి మూతపడింది. జూన్‌లో వానలు పడేసరికి మా ఇంట్లో ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరి కంచంలోకి ఒకరం చూసుకోకుండా తినడం నేర్చుకున్నాం. మధ్యలో జరిగింది ఇదీ.

మా అమ్మాయి నీహారిక అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. రెండేళ్ళుగా యజ్ఞనారాయణ గారి దగ్గర ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఒకప్పుడు రైల్వే జట్టు తరఫున పోటీలకు వెళ్ళినవారు. ఒక ఫంక్షన్ హాలు మీద రేకుల కప్పు వేసిన పొడవాటి గదిలో ఆయన రేంజి నడిపేవారు. పది మీటర్ల దూరంలో గోడకు ఒక కాగితం, కాగితం మీద నల్లటి గుండ్రం, దాని నడుమ ఆవగింజంత చుక్క. ఆ చుక్కను కొట్టాలి. మొదట్లో నాకూ ఇదేం ఆటరా బాబూ అనిపించింది. ఇంట్లో కుదురుగా పది నిమిషాలు కూర్చోని పిల్ల, అక్కడ మందపాటి కోటు తొడుక్కుని, తుపాకీ భుజానికి ఆనించుకుని, ఊపిరి కూడా తనే చెప్పినప్పుడు వచ్చిపోయేట్టు నిలబడడం చూశాక నోరు మూసుకున్నాను.

యజ్ఞనారాయణ గారికి ఒక నియమం ఉండేది. రేంజిలో ఎవరి తుపాకీ గొట్టమైనా మనిషి వైపు తిరిగినట్టు కనబడితే, చూసినవాళ్ళు ఎంత చిన్నవాళ్ళైనా సరే, "స్టాప్" అని అరవాలి. అరవగానే ఆయనతో సహా అందరూ తుపాకీలు కింద పెట్టేయాలి. అరిచినవాళ్ళను ఎందుకు అరిచావని నిలదీయకూడదు. ఒకసారి కొత్తగా చేరిన చిన్నపిల్ల ఊరికే బెదిరిపోయి అరిస్తే, ఆయన తన రైఫిల్ బల్ల మీద పెట్టేసి, "మంచి పని చేశావమ్మా," అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు ఆయన మీద గురి కుదిరింది.

మా ఆయన రవికిరణ్‌కి మాత్రం ఈ ఆట గిట్టదు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. కూతురు ఇంటర్ రెండేళ్ళూ నిజాంపేటలో కాలేజీ హాస్టల్లో ఉండి చదవాలని సీటు మాట్లాడి ఉంచారు. నేను, నీహారిక కలిసి బతిమాలితే ఒక ఒప్పందానికి దిగారు. జూన్ మొదటి వారంలో రాష్ట్ర పోటీలు. అందులో పతకం వస్తే నల్లగండ్లలో ఇంటి దగ్గరి కాలేజీలోనే చేరి షూటింగ్ కొనసాగించవచ్చు. రాకపోతే హాస్టల్. ఆ పైన రెండేళ్ళు తుపాకీ మాట ఇంట్లో వినబడకూడదు.

పోటీకి మనంతట మనం వెళ్ళి నిలబడతామంటే ఒప్పుకోరు. గుర్తింపు ఉన్న క్లబ్బు ఏదో ఒకటి పేరు పంపాలి. సరిగ్గా ఆ సమయంలో మా క్లబ్బుకే తాళం పడింది.

మూసేసే రోజు సురేంద్ర వచ్చాడు. భవనం అతనిదే. కొలతల టేపు పట్టుకున్న ఇద్దరిని వెంటబెట్టుకుని, పిల్లలు ఇంకా తుపాకీలు ఎక్కుపెట్టి నిలబడి ఉండగానే తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. యజ్ఞనారాయణ గారు పిల్లల్ని ఆపించి, తుపాకీలు దించమని చెప్పి, అతని దగ్గరికి వెళ్ళారు.

"ఈ ఒక్క గంటా ఆగితే బాగుండేదండి."

"ఏం జెయ్యాలె సారు, వాళ్ళకు రేపట్నించే పని షురూ జెయ్యాలెనంట," అన్నాడు సురేంద్ర. "గా పికిల్‌బాల్ కోర్టు ఏస్తున్నరు. కంపెనీలోళ్ళందరు గదే అడుగుతున్నరు. మీ పిల్లలు గిట్ల నిలబడి నిలబడి ఏం జేస్తరు? ఆటంటే ఉరకాలె, చెమట రావాలె గదా."

అతను చెమట గురించి ఉపన్యాసం ఇస్తుంటే పక్కనే నీహారిక కోటు విప్పుతోంది. లోపలి చొక్కా పిండితే చెంబెడు నీళ్ళు వచ్చేలా ఉంది. టేపు పట్టుకున్నవాళ్ళలో ఒకడు టార్గెట్లు తగిలించే గోడ దాకా వెళ్ళి, కొలత చెప్పి, ఆ గోడ మూలనే గుట్కా ఉమ్మేశాడు. పిల్లలు రోజూ చెప్పులు విడిచి నడిచే చోటు అది. సురేంద్ర చూసి కూడా ఏమీ అనలేదు. రేపు పడగొట్టే గోడే కదా అనుకున్నట్టున్నాడు.

ఇక వెతుకులాట మొదలయింది. నేను ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ చూస్తాను. సాయంత్రం ఆఫీసు అవగానే నీహారికను ఎక్కించుకుని ఊరంతా తిరిగేదాన్ని.

మొదటిది మాదాపూర్‌లో ఒక మాల్ కింది అంతస్తులో. బయట బోర్డు మీద రైఫిల్ క్లబ్ అనే ఉంది. లోపల ఊదారంగు దీపాలు, చెవులు పగిలే పాటలు. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న కంపెనీ జనం గుంపుగా వచ్చి కేకలు పెడుతున్నారు. గురి నేర్పేవాడు ఒక అమ్మాయి వెనక నిలబడి, చెయ్యి తుపాకీ మీద తప్ప మిగతా అన్నిచోట్లా వేస్తున్నాడు. ఆ పిల్ల ముడుచుకుపోతుంటే స్నేహితులు ఫోన్లో తీస్తూ నవ్వుతున్నారు. టార్గెట్లు చూద్దును కదా, మనుషుల మొహాలు.

"మీ మేనేజర్ ఫొటో తెచ్చుకున్నా పెడతాం మేడమ్," అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి గర్వంగా. "టీమ్ ఔటింగ్స్‌కి అదే బాగా పోతుంది."

నీహారిక నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, వెళ్దాం."

రెండోది నిజాంపేటలో, ఒక కోచింగ్ కాలేజీ పై అంతస్తులో. మా గుంటూరు వైపు మాట తీరున్న ఒక పెద్దమనిషి కుర్చీలు వేయించి, మజ్జిగ తెప్పించి మరీ మాట్లాడాడు.

"స్పోర్ట్స్ కోటాకే కదండీ? సర్టిఫికెట్ మేం చూసుకుంటాం. పాప రావాల్సిన పని కూడా లేదు. చదువు పాడవుతుంది."

"రైఫిల్స్ ఎక్కడున్నాయండీ?" అని అడిగింది నీహారిక.

"బీరువాలో ఉన్నాయమ్మా."

"చూడొచ్చా?"

"తాళంచెవి సార్ దగ్గరుంది. సార్ దుబాయ్ వెళ్ళారు."

"మరి ఇక్కడ ఎవరూ కాల్చరా?"

ఆయన నా వైపు తిరిగి, ఈ పిల్లకు లోకం తెలియదన్నట్టు చిరునవ్వు నవ్వాడు. ఆ మజ్జిగ గ్లాసు నేను పక్కన పెట్టేశాను. గోడ నిండా పతకాలు మెళ్ళో వేసుకున్న పిల్లల ఫొటోలు ఉన్నాయి. ఏ ఒక్కరి కుడి దవడ మీదా తుపాకీ ఆనించిన మచ్చ లేదు. నా కూతురికి ఉంది, అందుకే చూశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన విసుక్కున్నారు. "నీకు ప్రతిదీ కంపే లక్ష్మీ. అందరికీ పనికొచ్చేది నీకే ఎందుకు పనికిరాదు? పదో తరగతి అయిపోయింది, హాస్టల్‌కి పంపేద్దాం, గొడవ వదులుతుంది."

వారం తిరక్కుండా ఆయనే క్లబ్బు కబురు మోసుకొచ్చారు. తెల్లాపూర్ దగ్గర వెంచర్ వేస్తున్న మధుసూదన్ అనే ఆయన తన క్లబ్‌హౌస్ పైన రైఫిల్ రేంజి పెట్టించాడట. కడప వైపు నుంచి వచ్చి రియల్ ఎస్టేట్‌లో బాగా పైకొచ్చిన మనిషి. ఆ ఏడాది మా ఆయన కంపెనీలో ఉద్యోగాలు తీసేస్తున్నారు. తన వంతు ఎప్పుడొస్తుందోనని ఈయనకు కంటి మీద కునుకు లేదు. మధుసూదన్ తన కంపెనీలో మంచి కుర్చీ వేస్తానని మాటిచ్చాడు. అంచేత మధుసూదన్ పేరు చెప్పినప్పుడల్లా మా ఆయన కొంచెం వంగి మాట్లాడేవారు, ఫోన్లో అయినా సరే.

"ఇంగ యాడికీ పోబల్లేదక్కా," అన్నాడు మధుసూదన్, మేం వెళ్ళగానే. "పాప మన క్లబ్బులోనే కాల్చాల. గుర్తింపు గూడా తెచ్చినా. పోటీకి పేరు మనమే పంపుతాం. కోచ్ ఎవరో లోపలికి పోయి సూడు పాపా."

లోపల యజ్ఞనారాయణ గారు ఉన్నారు. క్లబ్బు బొమ్మ వేసిన కొత్త టీషర్టు తొడుక్కుని, అందులో ఇమడలేక ఇబ్బంది పడుతూ నవ్వారు. నీహారిక ఒక్క ఉరుకున వెళ్ళి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టేసింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఏసీ, కాగితాల బదులు స్కోరు తనే చూపించే మెషిన్లు, జర్మనీ రైఫిళ్ళు. పాత రేంజి నుంచి ఇంకో నలుగురు పిల్లలు కూడా చేరారు. ఏప్రిల్‌లో మిగిలిన రోజులన్నీ నీహారిక స్కోరు రోజురోజుకూ పెరిగింది. పతకం ఖాయమని యజ్ఞనారాయణ గారు నాతో గుసగుసగా అన్నారు, పిల్ల వింటే గురి చెదురుతుందని.

మే మొదటి వారంలో నల్లగండ్ల ఫ్లైఓవర్ దిగుతూ ఒక పెద్ద ఫ్లెక్సీ చూశాను. నా కూతురు. షూటింగ్ కోటులో, కన్ను మూసి, తుపాకీ ఎక్కుపెట్టి. కింద "గురి తప్పని పెట్టుబడి" అని రాసి, ప్లాట్ల సైజులు, ఫోన్ నంబరు. మమ్మల్ని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. నా కూతుర్ని రోడ్డు మీద నిలబెట్టి స్థలాలు అమ్ముతున్నారని ఒళ్ళంతా చీదర పుట్టింది. మా ఆయన మాత్రం సాయంత్రం దాని కింద నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చారు.

"నాకూ నచ్చలేదండి," అన్నారు యజ్ఞనారాయణ గారు నేను అడిగితే. "కానీ మెషిన్లు కొన్నాడు కదా. పిల్లలకు పనికొస్తున్నాయి."

పోనీలే, పోటీ అయ్యేదాకా అని నేనూ ఊరుకున్నాను.

మే నడుమ క్లబ్బుకు ఆర్భాటంగా ప్రారంభోత్సవం పెట్టాడు మధుసూదన్. ఒక నాయకుణ్ణి పిలిచాడు. ఆయన చెయ్యి పడితే గానీ వెంచర్‌కి రావాల్సిన అనుమతులు రావని మా ఆయన కారులో చెప్పారు. రేంజిలోనే పక్క గోడ వారగా కుర్చీలు వేశారు. ముందు వరసలో ఆడవాళ్ళం, కొందరి ఒళ్ళో చంటిపిల్లలు. నాయకుడు మొదటి గుండు కాల్చి క్లబ్బు తెరవాలి. పక్కన నీహారిక నిలబడి తుపాకీ అందించాలి.

"ఖాళీ రైఫిల్ ఇస్తే సరిపోతుంది," అన్నారు యజ్ఞనారాయణ గారు ముందే.

"సౌండు రాకుంటే వీడియో ఎట్ల సార్?" అన్నాడు మధుసూదన్. "పాపా, పెల్లెట్ ఎయ్యి."

నీహారిక తన సార్ వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తూ తల ఊపారు. పిల్ల టార్గెట్ వైపు తిరిగి పెల్లెట్ పెట్టి, తుపాకీ నాయకుడి చేతికి ఇచ్చి, "సర్, ముందుకే చూడాలి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు," అంది. ఆయన, "ఓహో, మాకే పాఠమా," అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా పెద్దగా నవ్వారు.

అంతలో ఫొటోగ్రాఫర్ అన్నాడు, "సార్, ఒకసారి ఇటు." ఆయన ఇటు తిరిగాడు. మొహంతో పాటు తుపాకీ కూడా తిరిగింది. వేలు ఎక్కడ ఉండకూడదో అక్కడే ఉంది. గొట్టం మా వరస మీదుగా నెమ్మదిగా వస్తోంది. దాని చివరి నల్లటి రంధ్రం నాకు ఎదురుగా కనబడింది. నా పక్కావిడ ఒళ్ళోని పసిదాని మొహానికి ఎదురుగా కూడా.

"స్టాప్."

ఆ గొంతు నా కూతురిదని నాకు వెంటనే తెలియలేదు. అంత పెద్దగా, అంత బరువుగా వచ్చింది. పాత రేంజి పిల్లలు నలుగురూ ఉన్నచోట కొయ్యబారిపోయారు. నాయకుడు ఉలిక్కిపడి, "ఓయమ్మో," అంటూ రెండడుగులు వెనక్కి తూలాడు, మెడలో కండువా జారి కింద పడింది. యజ్ఞనారాయణ గారు తుపాకీని అందిపుచ్చుకుని గోడ వైపు తిప్పేశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాయకుడు మాత్రం నవ్వలేదు.

తెల్లారేసరికి ఆ "ఓయమ్మో" వీడియోగా ఊరంతా తిరిగింది. చిన్నపిల్ల అరుపుకు జడుసుకున్నాడని ఆయన్ని జనం ఆడుకున్నారు. వెంచర్ అనుమతుల ఫైలు ఆగిపోయిందని మధుసూదన్ మా ఇంటికి వచ్చాడు.

మా ఆయన స్వయంగా మంచినీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించారు. ఈ ఇంట్లో నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఆయన వంటింట్లోకి వెళ్ళింది లేదు.

"పాపా, నువ్వు తప్పు చేసినావని నేను అనడంల్యా," అన్నాడు మధుసూదన్, తీయగా. "సిన్న వీడియో. నేనే బెదురుకోని అరిసినా, సార్ తుపాకీ బాగానే పట్టుకోనుండె, సారీ సార్ అని. లేదంటే మన క్లబ్బు వాట్సాప్ గ్రూపులో రాసినా సాలు. దాన్నే వాళ్ళకు సూపిస్తా. అయిపాయె."

"ఆయన గొట్టం మా అమ్మ వైపు తిప్పారు అంకుల్."

"పేలలే కదమ్మా."

"పేలాక అరిస్తే ఏం లాభం అంకుల్?"

మధుసూదన్ గ్లాసు కింద పెట్టాడు. "పోటీకి పేర్లు పంపేది నేనే కదా పాపా. ఈ వారంలో పంపాల. ఆలోచన చేసుకో." లేచి, నాకు నమస్కారం పెట్టి, గుమ్మం దాటాడు. మా ఆయన లిఫ్ట్ దాకా వెంట వెళ్ళారు.

నీహారికకు భయం లేకపోలేదు. ఆ రాత్రి భోజనం ముట్టలేదు. "యజ్ఞనారాయణ సర్ తప్పంటే చెప్పేస్తాను అమ్మా," అంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం క్లబ్బుకు వెళ్ళాం. ఆయన రైఫిల్ గొట్టం తుడుస్తున్నారు.

"సర్, నేను అరవడం తప్పా?"

ఆయన చాలాసేపు తుడిచారు. "ఆ నియమం రేంజిలో అమ్మా. ఆ రోజు జరిగింది ఫంక్షన్."

"చోటు ఇదే కదా సర్."

"చోటు ఇదేననుకో." ఆయన తల ఎత్తలేదు. "రెండు మాటలే కదా. అనేసి పోటీకి వెళ్ళు. పతకం వచ్చాక ఎవరికీ ఇదంతా గుర్తుండదు."

పిల్ల బయటికి వెళ్ళాక నాతో అన్నారు, "ఈ వయసులో ఇంకో చోటు ఎక్కడ వెతుక్కోనండీ." నిజమే, జాలి పడాల్సిన మాటే. నాకు జాలి పుట్టలేదు. మధుసూదన్ మనిషే అంత, అతన్ని చూసి మొహం తిప్పుకుంటే సరిపోతుంది. ఈయన్ని చూస్తే మాత్రం రెండేళ్ళు నా కూతుర్ని ఎవరి చేతిలో పెట్టానో అని నా మీద నాకే వెగటు పుట్టింది.

కారెక్కాక నీహారిక కిటికీలోంచి చూస్తూ, "నేను చెప్పను అమ్మా," అంది.

"చెప్పొద్దు."

"హాస్టల్‌కి వెళ్ళాల్సి వస్తుంది."

"తెలుసు."

నేను కారు నల్లగండ్ల వైపు తిప్పాను. ఆ ఫ్లెక్సీ దగ్గరికి వచ్చేసరికి తన ఫొటో మీద ఇంకెవరో హీరోయిన్ బొమ్మ అంటించి ఉంది.

ఆ వారం గడిచింది. పేర్లు పంపే గడువు కూడా అయిపోయింది. నీహారిక క్లబ్బు గ్రూపు తెరవడం మానేసింది. కోటు ఉతికి, మడిచి, బీరువా మీద పెట్టేసింది. మా ఆయన మాత్రం విచిత్రంగా మెత్తబడ్డారు. ఆ వీడియో ఊసే ఎత్తలేదు. ఒకరోజు మామిడిపళ్ళు కూడా తెచ్చారు. కూతురి బాధ చూసి కరిగారని నేను అనుకున్నాను.

నెలాఖరున ఒక సాయంత్రం పాత రేంజి స్నేహితురాలు ఫోన్ చేసింది. పోటీ జాబితాలో నీహారిక పేరు ఉందని. పిల్ల వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "సర్ పంపించారమ్మా. ఆయనే మధుసూదన్ అంకుల్‌తో మాట్లాడి ఉంటారు. నేను ఆయన గురించి తప్పుగా అనుకున్నాను." దాని మొహం చూసి నేనూ నమ్మాను. ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

భోజనాల దగ్గర చేతికి పెరుగన్నం అంటుకుని ఉండగానే ఎడమ చేత్తో ఆయనకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"థాంక్యూ సర్."

"నాదేముందమ్మా," అన్నారు యజ్ఞనారాయణ గారు. ఆయన గొంతులో కూడా సంతోషం ఉంది. "నువ్వు గ్రూపులో అంత పద్ధతిగా సారీ పెట్టాక ఆయన కాదనలేకపోయాడు. మంచి పని చేశావు."

నీహారిక ఫోన్ వైపు చూసింది. "నేను ఎప్పుడు పెట్టాను సర్?"

"అదే, పోయిన వారం..." ఆయన ఆగిపోయారు.

నేను మా ఆయన వైపు చూశాను. కలిపేసిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నారు.

విషయం బయటికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు దాని ఫోన్ తీసుకుని, దాని పేరుతో తనే రాసి పెట్టారు. పెట్టాక, దానికి కనబడకుండా ఆ ఫోన్లోంచి తుడిచేశారు. గ్రూపులో మిగతా అందరి ఫోన్లలోనూ అది అలాగే ఉంది.

"ఏం రాశావు నాన్నా?"

"ఏదో... చిన్నపిల్లని, తెలియక అరిచాను, పెద్దమనసుతో క్షమించండి అని." ఆయన చెయ్యి కంచంలోంచి తీయలేదు. "నీ కోసమే కదమ్మా. నువ్వు పోటీకి వెళ్ళాలనే కదా."

అందులో అబద్ధం లేదు. కానీ అంత మాత్రమే నిజం కూడా కాదు. తన కుర్చీ సంగతి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి మీద నాకు కోపం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అసహ్యం కలగడం అదే మొదటిసారి. ఎదురుగా కూర్చుని అన్నం మెతుకులు నలుపుతున్న ఆ వేళ్ళతోనే నా కూతురి గొంతుతో మాట్లాడాడని తలుచుకుంటే నా ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

నీహారిక ఏడవలేదు. "సారీ చెప్పింది నువ్వు కదా నాన్నా," అంది. "పోటీకి కూడా నువ్వే వెళ్ళు."

తర్వాత ఫోన్ వైపు వంగి, "సర్, నా పేరు తీసేయించండి. ఆ సారీ నాది కాదని కూడా చెప్పండి," అంది.

"అమ్మా, ఏడాది పోతుంది."

"పోనివ్వండి సర్."

ఫోన్ పెట్టేసి, కంచంలో మిగిలిన పెరుగన్నం మొత్తం తినేసి, కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. తన గదిలోకి వెళ్ళాక మా ఆయనకు మాట పెగిలింది.

"అయితే నిజాంపేట. మాట మాటే."

"మాట ఆ పిల్లతో అనుకున్నారు," అన్నాను. "ఆ పిల్ల నోరు మీరే తీసేసుకున్నాక ఇక మాట ఎవరితోనండీ? హాస్టల్‌కి పంపను. ఫోన్ చేసి సీటు వద్దని చెప్పండి. చెప్పలేకపోతే నంబరు ఇవ్వండి, నేను చెప్తాను."

ఆయన నంబరు ఇచ్చారు.

రాష్ట్ర పోటీలు జరిగిన రోజున నీహారిక మధ్యాహ్నం దాకా పడుకుంది. ఎవరికి పతకం వచ్చిందో ఎవరూ అడగలేదు. మధుసూదన్ మా ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. కంపెనీలో ఆయన ఉద్యోగం మాత్రం పోలేదు. ఇంత నీచానికి దిగింది దేనికో అది ఎప్పటిలాగే తన చోట ఉంది. యజ్ఞనారాయణ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. నీహారిక ఫోన్ మోగనిచ్చి, ఆగాక మళ్ళీ చదువుకుంది.

నేను మాత్రం వెతకడం ఆపలేదు. జూన్‌లో, శంకర్‌పల్లి దాటాక పొలాల మధ్య ఒక క్లబ్బు ఉందని తెలిసింది. పాత కోళ్ళఫారం షెడ్డును రేంజిగా మార్చారు. నడిపేది జ్యోత్స్న అని ఒకప్పుడు పోలీసు జట్టులో షూటింగ్ చేసిన ఆవిడ. గుర్తింపు ఇంకా రాలేదు, వచ్చే ఏడాదికి రావచ్చు. టార్గెట్ కాగితాన్ని తాడు లాగి ముందుకీ వెనక్కీ తెచ్చుకోవాలి. వాన పడితే పాత కోళ్ళ కంపు గుప్పుమంటుంది. ఆ ఎండాకాలం మొత్తంలో నేను అడుగుపెట్టి ముక్కు మూసుకోవాలనిపించని చోటు అదొక్కటే.

నీహారికను చేర్పించే రోజు వాన గట్టిగా ఉందని మా ఆయన కారు తీశారు. షెడ్డులో జ్యోత్స్న నీహారికను ఊరికే నిలబడమని, చుట్టూ తిరిగి చూసి, "మంచిగ నిలబడతవ్ బిడ్డా," అంది. ఎవరు నేర్పారని అడిగితే నీహారిక యజ్ఞనారాయణ గారి పేరు చెప్పింది.

తర్వాత ఆవిడ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. "పద్దెనిమిదేండ్లు నిండలే గదా, ఇంట్ల పెద్దోళ్ళ సంతకం కావాలె. ఎవరు పెడ్తరు? జర జల్ది పెట్టుండ్రి, కాల్చే లేన్ ఖాళీగున్నది."

మా ఆయన అలవాటుగా ముందుకు జరిగి, జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. స్కూలు రోజుల నుంచీ ప్రోగ్రెస్ కార్డు మీదైనా, ఆస్పత్రి చీటీ మీదైనా దాని తరఫున సంతకం ఆయనదే.

నీహారిక ఆ కాగితాన్ని ఆయన ముందు నుంచి తీసి నా ముందు పెట్టింది.

"అమ్మ పెడుతుంది," అంది జ్యోత్స్నతో, మామూలు గొంతుతోనే.

ఆయన పెన్ను నా చేతికిచ్చారు. నేను సంతకం పెట్టి తలెత్తేసరికి నీహారిక కోటు గుండీలు పెట్టుకుంటోంది, ఆయన షెడ్డు బయట కారు పక్కన వానలో నిలబడి ఉన్నారు. తాళంచెవి చేతిలోనే ఉంది, ఎక్కి కూర్చోవచ్చు. ఎక్కలేదు. నేనూ లోపలికి రమ్మని పిలవలేదు.